సీలు చెక్కుచెదరలేదు

కాకినాడలో రెండు పడగ్గదుల ఫ్లాటు కొని, దాని మీద ఇరవై ఏళ్ల అప్పు నెత్తికెత్తుకున్న రోజు నుంచీ వకుళకి రెండు తేదీలు కంఠతా వచ్చు. ఒకటి, ఆమె భర్త నరహరి ఎరువుల కంపెనీ గోడౌను సూపర్‌వైజరు ఉద్యోగం నుంచి రిటైరయ్యే తేదీ. రెండోది, ఇంటి అప్పు ఆఖరి వాయిదా తేదీ. ఈ రెండోది మొదటిదాని తర్వాత పదిహేను నెలలకి వస్తుంది. జీతం ఆగిపోయాక పదిహేను నెలలపాటు నెలకి పదిహేడు వేల తొమ్మిదివందలు ఎక్కణ్ణుంచి తేవాలి అన్న ప్రశ్న, గృహప్రవేశం నాడు పాలు పొంగుతుండగానే ఆమెకి పుట్టింది. నరహరికి ఆ ప్రశ్న ఇంకా పుట్టలేదు. అతను స్వతహాగా నిశ్చింతపరుడు.

అందుకని వకుళ తన దారి తాను చూసుకుంది. సరుకులకీ కూరలకీ అతను నెలకి ఎనిమిది వేలు ఇచ్చేవాడు. అందులోంచి పదిహేనువందలు మిగిల్చి, పోపులపెట్టెలో ఆవాల గిన్నె కింద మడిచి పెట్టేది. ఎలా మిగిల్చిందంటే, అందులో మాయా మర్మం ఏమీ లేదు. కొత్త చింతపండు వచ్చినప్పుడు ఏడాదికి సరిపడా కొని ఈనెలూ గింజలూ తీసి ఉప్పేసి దాచడం, మిరపకాయలు చవకైన వారంలో కొని మేడ మీద ఎండబెట్టి కారం కొట్టించడం, మే నెలలో పాతిక కాయల ఆవకాయ పెట్టడం. ఇంట్లో ఆవకాయ ఉంటే నెలలో పది రాత్రులు కూర మాటే ఎత్తక్కర్లేదు. ఏటా డిసెంబరులో ఆ పద్దెనిమిది వేలూ తీసుకెళ్లి అసలు కింద జమ కట్టేది. నాలుగేళ్లు అలా కట్టేసరికి పదిహేను నెలల తేడా ఐదు నెలలకి దిగింది. ఇంకో రెండు డిసెంబర్లు గడిస్తే, నరహరి మెడలో రిటైర్‌మెంటు దండ పడేనాటికి ఇల్లు వాళ్లదైపోతుంది. ఆమెకి ఈ లోకంలో ఇంతకు మించిన కోరిక లేదు.

సరిగ్గా అప్పుడే అప్పిచ్చిన సంస్థకి ఆమె మీద దయ కలిగింది.

సంస్థ పేరు మనకెందుకు గానీ, దాని పెద్దలంతా ఎక్కడో చల్లటి ఊళ్లో మూడు రోజులు సదస్సు పెట్టుకుని, జనం వాయిదాలు ఎగ్గొట్టడానికి కారణం ఏమిటని మూడు పూటలా భోంచేస్తూ ఆలోచించారట. జీతాలు పెరగకపోవడం కాదు, వడ్డీ పెరగడం కాదు, వంటింట్లో క్రమశిక్షణ లేకపోవడమే అసలు కారణమని తేలింది. ఆ వెంటనే ‘ఆదర్శ వంటగది పథకం’ పుట్టింది. జనవరి ఒకటో తేదీన వకుళ ఇంటికి ఉత్తరం వచ్చింది. పథకంలో చేరడం పూర్తిగా ఐచ్ఛికం. చేరితే వడ్డీలో అర శాతం తగ్గిస్తారు. చేరకపోతే వంటింటి అపాయ రుసుము కింద ఒక శాతం పెంచుతారు. చేరాక మూడుసార్లు నిబంధన తప్పితే ఆ ఒక శాతమూ అప్పు తీరేదాకా ఉంటుంది.

ఒక శాతం పెరిగితే ఆఖరి వాయిదా ఎక్కడికి జరుగుతుందో వకుళ క్యాలెండరు వెనక లెక్క వేసింది. నరహరి రిటైరైన రెండేళ్ల తర్వాతకి జరుగుతుంది. ఆవిడ ఆ పూటే నరహరి చేత సంతకం పెట్టించింది.

మొదటి జాబితా పట్టుకుని బ్రాంచికి వెళ్తే, ‘వంటింటి వ్యయ పరిశీలనాధికారి’ అన్న పలక వెనక వ్యాఘ్రేశ్వరరావుగారు కూర్చుని ఉన్నారు. యాభై ఏళ్ల మనిషి, పేరులో ఉన్న పులి మనిషిలో ఎక్కడా లేదు. ఆయన ఎర్ర కలంతో జాబితాలో ఒక్కొక్క దినుసు దగ్గరా ఆగి, దాని అవసరాన్ని విచారించారు. ఇంగువ కేవలం వాసన నిమిత్తం వాడబడుతున్నందున విలాస వస్తువుగా పరిగణించి కొట్టేశారు. జీలకర్రా ధనియాలూ ఒకే ప్రయోజనానికి ఉద్దేశించినవిగా కనిపిస్తున్నాయి కాబట్టి రెండిట్లో ఒకటి ఎంచుకోమన్నారు. కాఫీ పొడి దగ్గర మరీ ఎక్కువసేపు ఆగారు.

కాఫీ తన అత్తగారికని వకుళ చెప్పింది. ఆయన బల్ల సొరుగులోంచి అచ్చువేసిన పట్టిక తీశారు. సంస్థ దేశమంతా సర్వే చేయించి ఒక ప్రామాణిక కుటుంబాన్ని తయారుచేసింది. అందులో భర్త ఒకడు, భార్య ఒకర్తె, పిల్లలు ఒకటీ ముప్పావు.

“అమ్మా, తమరి అత్తగారు మా ప్రామాణిక కుటుంబంలో లేరండి,” అన్నారాయన నొచ్చుకుంటూ.

“మా కుటుంబంలో ఉన్నారండి,” అంది వకుళ.

ఆయన చాలాసేపు ఆలోచించి ఒక మార్గం కనిపెట్టారు. అత్తగారిని ‘తాత్కాలిక అతిథి’గా నమోదు చేసి, ఆవిడ ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నట్టు నెలనెలా ఆవిడ చేత సంతకం పెట్టించి తెమ్మన్నారు. వకుళకి కూతురు ఒక్కతే ఉన్నందున మిగిలిన ముప్పావు పిల్ల వాటాని అత్తగారికి బదలాయించవచ్చని కూడా సెలవిచ్చారు. అలా డెబ్బై నాలుగేళ్ల సుభద్రమ్మగారికి రోజుకి ముప్పావు గ్లాసు కాఫీ మంజూరైంది.

కొడుకు ఇంట్లో తాను తాత్కాలిక అతిథినని విన్న సుభద్రమ్మగారు కోపగించుకోలేదు. కళ్లజోడు తెప్పించుకుని కాయితం ఆసాంతం చదివి, గుండ్రంగా సంతకం చేసింది. “నేను పోయిన నెల్లో నేనే వచ్చి చెప్తానని ఆయనతో చెప్పవే,” అంది.

ఆ నెల వకుళకి మంజూరైంది ఏడువేల ఆరువందలు. ఆవిడ అలవాటు ప్రకారం పొదుపుగా నడిపి, అరవై మూడు వందల్లో నెల గట్టెక్కించి, బిల్లులన్నీ గుచ్చి, ఫిబ్రవరి మొదటి తారీకున గర్వంగా బ్రాంచికి పట్టుకెళ్లింది. వ్యాఘ్రేశ్వరరావుగారు బిల్లులు కూడి, మళ్లీ కూడి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన ముఖంలో ఆందోళన కనిపించింది.

“మంజూరైన మొత్తాన్ని నిర్ణీత గడువులోగా వినియోగించుకోలేకపోవడం అంచనా లోపం కిందికి వస్తుందమ్మా. ఇది మొదటి ఉల్లంఘన,” అన్నారు.

మిగిలిన పదమూడు వందలూ అప్పు కిందే కట్టేస్తానని వకుళ అంది. ఆయన ఉలిక్కిపడి అటూ ఇటూ చూశారు. సరుకుల పద్దులో మంజూరైన నిధుల్ని అప్పు తీర్చడానికి మళ్లించడం ఎంత తీవ్రమైన విషయమో గొంతు తగ్గించి వివరించారు. ఆవిడ కష్టపడి మిగిల్చింది కాబట్టి వచ్చే నెల నుంచి మంజూరు అరవై మూడు వందలకే కుదించాలని, అలా జరగకుండా తానేదో సర్దుబాటు చేస్తానని, ఇకముందు మాత్రం ఇలా మిగల్చవద్దని బతిమాలారు. అప్పిచ్చినవాడు అప్పు తీర్చొద్దని బతిమాలడం వకుళ వినడం అదే మొదలు. బయటికొచ్చి బస్టాపులో నిలబడి, తాను సరిగ్గా విన్నానా అని ఆ మాటలన్నీ మళ్లీ ఒకసారి తలుచుకుంది.

ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిన నూకరాజు కిరాణాకొట్టు ముందు ఆ వీధి ఆడవాళ్లందరూ బారులు తీరి ఉన్నారు. అందరివీ ఆ సంస్థ అప్పులే. అందరి చేతుల్లోనూ ఖర్చు కావలసిన డబ్బు ఉంది. ఒకావిడ నూట తొంభై రూపాయలకి ఏముందో ఇవ్వమంది. ఇంకొకావిడ తొమ్మిది కట్టల అగ్గిపెట్టెలు కొంది. గ్యాసు స్టవ్వు వెలిగించే లైటరు ఆవిడ బొడ్లోనే ఉంది. వకుళ లెక్కకి నాలుగువందల ఇరవై మిగిలితే ఆవాలూ మెంతులూ పుచ్చుకుంది. ఏం చేసుకోవాలో తెలియకపోయినా అవి పుచ్చిపోవని ఆవిడ ఆలోచన.

నూకరాజు ఆవిణ్ణి పక్కకి పిలిచాడు. “ఎందుకండమ్మగారూ ఈ మోత బరువు. బిల్లు నేను రాసిత్తాను, సరుకు నా కాడే ఉంటాది, వందకి పది నాకిచ్చి తొంభై మీరట్టుకెళ్లిపోండి. వీదిలో సగం మంది అదే సేత్తన్నారండి.”

దొంగబిల్లు రాయించుకోమన్నందుకు వకుళకి ఒళ్లు మండింది. పుట్టి బుద్ధెరిగాక పావలా లెక్క తప్పు చెప్పని మనిషి. మూడున్నర కిలోల ఆవాలూ మెంతులూ సంచీలో వేసుకుని, భుజం లాగుతున్నా మోసుకుంటూ ఇంటికెళ్లింది. పోపులపెట్టెలో ఆవాల గిన్నె కింద ఆ నెల ఏమీ పడలేదు.

మార్చిలో రెండో ఉల్లంఘన జరిగింది. మిరపకాయలు బాగా దిగిన వారం చూసి ఏడాదికి సరిపడా ఆరు కిలోలు కొనేసింది. ఏప్రిల్ నెల కారాన్ని మార్చిలో కొనడం ముందస్తు వ్యయమని, అక్టోబరు నెల కారం సంగతి చెప్పనే అక్కర్లేదని వ్యాఘ్రేశ్వరరావుగారు రాశారు. ఏడాదిది ఒకేసారి కొంటే పన్నెండువందలు కలిసొస్తుందని వకుళ కాయితం మీద లెక్క కట్టి చూపించింది. ఆయన ఆ లెక్క చూసి నిజమేనని ఒప్పుకున్నారు. అయితే పథకంలో కలిసొచ్చే గడి లేదు. ఇంక మిగిలింది ఒక్క తప్పు.

అందుకే మే నెలలో ఆవకాయ పెట్టేముందు వకుళ అడుగు తీసి అడుగు వేయలేదు. ముందుగానే దరఖాస్తు రాసింది. పాతిక కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు, పప్పునూనె, ఉప్పు. ఆవపిండీ కారమూ ఇంట్లో కావలసినంత ఉన్నాయి. అంతా కలిపి మూడువేల ఎనిమిదివందల ఖర్చుకి ప్రత్యేక మంజూరు కోరింది.

ఆ దరఖాస్తు బ్రాంచిలో పెద్ద చర్చ లేపింది. ఒక నెలలో కొని ఆ నెలలోనే తినేది సరుకు. ఒకసారి పెట్టి పన్నెండు నెలలు ఉంచేది సరుకు ఎలా అవుతుంది? ప్రాంతీయ కార్యాలయానికి రాశారు. పది రోజులకి జవాబొచ్చింది. వ్యాఘ్రేశ్వరరావుగారు నిలబడి చదివి వినిపించారు.

“సదరు ఆవకాయ ఒక సంవత్సరమునకు మించిన ప్రయోజన కాలము కలిగియున్నందున ఆస్తిగా పరిగణింపదగును. తనఖాలో ఉన్న గృహమునందు ఏర్పడిన ఆస్తి యావత్తూ తనఖాకు లోబడును. కావున సదరు జాడీకి పరిశీలనాధికారి సమక్షమున లక్క సీలు వేయవలెను. ప్రధాన కార్యాలయపు అనుమతి లేనిదే సదరు ఆస్తిని భుజించుట, ఇతరులకు రుచి చూపుట నిషిద్ధము.”

“తినకపోతే ఎందుకండీ పెట్టుకోవడం?” అని అడిగింది వకుళ.

“తినడం అంటే ఆస్తిని హరించడమేనమ్మా. అనుమతికి నేను ఇవాళే రాస్తాను. వస్తుంది,” అన్నారాయన ధైర్యం చెబుతూ.

గురువారం పొద్దున్న అత్తాకోడళ్లు ఆవకాయ పెట్టారు. జాడీ సుభద్రమ్మగారిది. ఆవిడ కాపరానికొచ్చిన ఏడాది పిఠాపురం సంతలో ఆవిడ తల్లి ఏడు రూపాయలకి కొనిచ్చింది. తెల్లటి ఒళ్లు, గోధుమరంగు మెడ, మూత అంచున ఒక చిన్న పెచ్చు ఊడిన గుర్తు. యాభై అయిదు వేసవులు అందులో ఆవకాయ ఊరింది. నాలుగు అద్దె ఇళ్లు మారినా ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నారే తప్ప లారీలో వేయలేదు. జాడీలో కాయ మెడకి జానెడు కిందిదాకా వచ్చింది. మధ్యాహ్నం వ్యాఘ్రేశ్వరరావుగారు వచ్చి, వాసెన గుడ్డ కట్టిన మెడ చుట్టూ పురికొస చుట్టి, ముడి మీద లక్క కరిగించి పోసి, సంస్థ ముద్ర నొక్కారు. ఆ పని ఆయన ఎంతో శ్రద్ధగా చేశారు. వెళ్తూ వెళ్తూ ఆ వాసనకి ఒక్క క్షణం గుమ్మంలో ఆగారు.

ఆవకాయ పెట్టినవాళ్లెవరికైనా తెలిసిన సంగతి ఒకటుంది. మూడోనాడు జాడీ తెరిచి, అడుగునుంచి పైకి తిరగకలిపి, నూనె పోయాలి. అలా కలపకపోతే పైన బూజు పట్టి ఏడాది కష్టమూ చెత్తకుండీ పాలవుతుంది. సీలు వేసే హడావిడిలో సంస్థకి ఆ సంగతి తెలియదు, వకుళకి గుర్తు రాలేదు. మూడోనాడు శనివారం. అది రెండో శనివారం కాబట్టి బ్రాంచికి సెలవు. ఆ మర్నాడు ఆదివారం. సోమవారం బుద్ధపూర్ణిమ.

వకుళకి అది శనివారం పొద్దున్నే తట్టింది. సీలు తెంచితే మూడో ఉల్లంఘన, నరహరి రిటైరైన రెండేళ్లకి గానీ ఇల్లు తమది కాదు. తెంచకపోతే మూడువేల ఎనిమిదివందలూ, ఏడాది పొడుగునా కలిసొచ్చే కూరల ఖర్చూ పోతాయి. ఆస్తిని పాడుచేసినందుకు సంస్థ ఏ పేరుతో ఏం వసూలు చేస్తుందో అదీ తెలియదు. నరహరిని అడిగితే మంగళవారం దాకా ఆగి చూద్దామన్నాడు. ఆవిడ అతన్ని వదిలేసి వ్యాఘ్రేశ్వరరావుగారి చిరునామా కనుక్కుని ఆటో ఎక్కింది. తనని అతిథిని చేసినాయన్ని ఒకసారి చూడాలని సుభద్రమ్మగారూ బయల్దేరింది.

ఆయన పంచెకట్టుతో హాల్లో కింద కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఎదురుగా ఉన్న జాడీకేసి చూస్తున్నారు. ఆ జాడీకి కూడా లక్క సీలు ఉంది. సంస్థ ఉద్యోగులు కూడా ఇంటి అప్పు సంస్థ దగ్గరే తీసుకోవాలి. వాళ్లకి పథకం ఐచ్ఛికం కూడా కాదు. ఆయన భార్య హైమవతి వచ్చినవాళ్లకి మంచినీళ్లిచ్చి, తమది నిన్నటికే మూడోనాడని చెప్పింది. ఆవిడ రెండు రోజులుగా ఆయనతో మాట్లాడటం లేదు.

మళ్లీ సీలు వేసే ముద్ర బ్రాంచి లాకరులో ఉంది. లాకరుకి రెండు తాళాలు. ఒకటి ఆయన దగ్గర, రెండోది మేనేజరు దగ్గర. మేనేజరు శుక్రవారం నుంచే కుటుంబంతో తిరుపతి కొండ మీద ఉన్నాడు.

“మీరే కదండీ వేసింది, మీరే తెంచుకోవచ్చు కదా,” అంది వకుళ.

“తెంచితే నా మీద నేనే నివేదిక రాసుకోవాలమ్మా. రాయకపోతే నిజం దాచినందుకు ఇంకో నివేదిక రాసుకోవాలి,” అన్నారాయన. ఆ మనిషి ముఖం చూస్తే వకుళకి కోపం పోయి జాలేసింది.

సుభద్రమ్మగారు జాడీ చుట్టూ ఒకసారి తిరిగి, ముడినీ లక్కనీ పరీక్షగా చూసి, కుర్చీలో కూర్చుంది. “ఏం నాయనా, మీ కాయితంలో సీలు తెంచకూడదని ఉందా, జాడీ పగలగొట్టకూడదని ఉందా?” అని అడిగింది.

ఆయన లేచి ఉత్తర్వు తెచ్చి రెండుసార్లు చదివారు. మూడోసారి హైమవతి చదివింది. అందులో సీలు మాట పదకొండుసార్లు ఉంది. దాన్ని తెంచరాదు, చెరపరాదు, కరిగించరాదు, తడపరాదు. జాడీ పగలడం గురించి ఎక్కడా లేదు.

“జాడీ ప్రస్తావన లేదండి,” అన్నారాయన నెమ్మదిగా.

హైమవతి అప్పటికే లోపలికెళ్లి పచ్చడిబండ తెచ్చింది.

ఇంటికొచ్చాక వకుళ తన జాడీ ముందు చాలాసేపు కూర్చుండిపోయింది.  ఆ ఇంట్లో మంచాలు వాయిదాల మీద కొన్నవి, ఫ్రిజ్జు వాయిదాల మీద కొన్నది, గోడలూ కప్పూ సరేసరి. అప్పు అంటని వస్తువు ఈ జాడీ ఒక్కటే. దాన్ని పగలగొట్టడం కంటే ఒక శాతం కట్టుకోవడమే నయమని ఏడుస్తూ పైకే అనేసింది.

“లేవే, పక్కకి జరుగు,” అంది సుభద్రమ్మగారు. “మా అమ్మ దీన్ని కాయ నిలవుండాలని ఇచ్చింది గానీ దండేసి దణ్ణం పెట్టుకోమని ఇవ్వలేదు.”

తడిగుడ్డ గట్టిగా చుట్టి, మెడకి కాస్త కింద, కాయ లేనిచోట, పచ్చడిబండతో చుట్టూ చిన్నచిన్న దెబ్బలు వేసింది.  ఆరో దెబ్బకి మెడ ఊడొచ్చింది. మూత, వాసెన, పురికొస, లక్క అన్నీ దాని మీద భద్రంగా ఉన్నాయి. కిందభాగం నిలువునా రెండు పగుళ్లు బారి, కాసేపటికి మూడు చెక్కలైంది. పెంకులు పడ్డాయేమోనన్న భయంతో పైన నాలుగు వేళ్ల మందాన కాయ తీసి పారేసి, మిగిలినది ముక్క ముక్కా చూసుకుంటూ పళ్లెంలోకి ఏరి, తిరగకలిపి, నూనె పోసి, చింతకాయ పచ్చడి పెట్టే చిన్న జాడీలోకీ నాలుగు గాజు సీసాల్లోకీ ఎత్తింది వకుళ. ఆ పూట సుభద్రమ్మగారు అన్నం తినలేదు. ఆకలి లేదంది.

మంగళవారం ఆకస్మిక తనిఖీకి ప్రాంతీయాధికారి దిగాడు. వెనకాల ఫైలు పట్టుకుని వ్యాఘ్రేశ్వరరావుగారు ఉన్నారు. వంటింట్లో స్టూలు మీద జాడీ మెడ ఒక్కటే ఉంది. దాని కింద ఉండవలసినదేదీ లేదు. వకుళ ఏదీ దాచలేదు, ఏదీ కప్పలేదు. ప్రాంతీయాధికారి వంగి భూతద్దంతో లక్కని చూశాడు, ముద్ర చూశాడు, ముడి లాగి చూశాడు. తర్వాత స్టూలు కిందికి కూడా ఒకసారి చూశాడు.

“మిగతా భాగం?” అన్నాడు.

వ్యాఘ్రేశ్వరరావుగారు తనిఖీ పత్రం ముందుకి జరిపారు. అందులో ఉన్న గడి ఒక్కటే. ‘సీలు స్థితి’. ప్రాంతీయాధికారి ఆ గడిని చూసి ఊపిరి పీల్చుకున్నాడు. అందులో ‘సీలు చెక్కుచెదరలేదు’ అని రాసి, సంతకం పెట్టి, ఈ శాఖలో ఆస్తుల సంరక్షణ మెచ్చదగినట్టుగా ఉందని పక్కన ఇంకో వాక్యం చేర్చాడు. మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం వకుళ మెట్లు దిగి నూకరాజు కొట్టుకి వెళ్లింది. సంస్థ చూసేది ఏమిటో ఆవిడకి తెలిసిపోయింది. అతను బిల్లు రాస్తుంటే ఆవిడ రోడ్డుకేసి చూస్తూ నిలబడింది. సిగ్గేసింది. మొదటిసారి వేసినంత సిగ్గు రెండో నెల వేయలేదు, మూడో నెల అసలు వేయలేదు. తనలో ఆ మార్పుకి మాత్రం ఆవిడకి భయమేసింది. పోపులపెట్టెలో ఆవాల గిన్నె మళ్లీ ఎత్తుగా లేవడం మొదలుపెట్టింది. నెలనెలా అయిదో తారీకున వ్యాఘ్రేశ్వరరావుగారు వచ్చి మెడ తనిఖీ చేసి, అదే వాక్యం రాసుకుని, మజ్జిగన్నంలో ఆవకాయ వేసుకుని తిని వెళ్లేవారు. ఆ ఆవకాయ ఎక్కడిదని ఆయన ఏనాడూ అడగలేదు. ప్రధాన కార్యాలయం నుంచి భుజించే అనుమతి ఇంకా రాలేదు.

డిసెంబరులో వకుళ పద్నాలుగు వేలు పట్టుకుని బ్రాంచికి వెళ్లింది. ఆరునెలలకి పైగా నోరు కట్టుకుంటే మిగిలింది అది. అసలు కింద జమ చేసుకోమని బల్ల మీద పెట్టింది. వ్యాఘ్రేశ్వరరావుగారు ఫారం నింపుతూ ఒక గడి దగ్గర ఆగిపోయారు. ఆ ఏడాదే కొత్తగా చేర్చిన గడి. ‘సొమ్ము ఎక్కడిది?’

రికార్డుల ప్రకారం వకుళ ప్రతి నెలా ఇచ్చింది ఇచ్చినట్టు ఖర్చు పెట్టింది. ఒక్క రూపాయి మిగిలిన దాఖలా లేదు. మిగిలిందని రాస్తే మూడో ఉల్లంఘన. ఇద్దరూ ఆ గడికేసి చూస్తూ కూర్చున్నారు.  పదకొండు నెలల పాటు కాపాడుకొచ్చింది ఈ బల్ల మీదే పోతుందా అనుకుంది వకుళ.

చివరికి ఆయన కలం తీసి, గుండ్రటి అక్షరాలతో నింపాదిగా రాశారు. ‘పురాతన పింగాణీ జాడీ ఒకటి (సీలు లేని భాగము మాత్రము) విక్రయించగా వచ్చినది.’

ఆ పక్కనే ఇంకో గడి ఉంది. ‘కొన్నవారి పేరు’. ఆయన తలెత్తి ఆవిడకేసి చూశారు.

“అదెవరు తీసుకున్నారో మీకు తెలుసు కదండీ,” అంది వకుళ. “నా నోటితో చెప్పమంటారా?”

ఆయన ఆ గడి ఖాళీగా వదిలేసి, ముద్ర వేసి, రసీదు చింపి ఇచ్చారు. ఇచ్చేటప్పుడు లేచి నిలబడ్డారు.

ఐదు నెలల తేడా మూడు నెలలకి దిగింది. ఇంటికొచ్చి వకుళ ఆ మాటా, గడిలో ఆయన రాసిందీ చెబితే, సుభద్రమ్మగారు రసీదు అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఏడు రూపాయల జాడీకి పద్నాలుగు వేలు పలికిందన్నమాట. మా అమ్మ వింటే నమ్మేది కాదు,” అంది. వంటింటి అరకేసి చూసింది. “ఇంకా మూడు నెలలుందంటున్నావుగా. పోనీ, ఆ చిన్న జాడీ ఉంది కదే.”

వకుళ లేచి వెళ్లి, చిన్న జాడీని రెండు చేతులతో ఎత్తి, తన పాత నేత చీరలో చుట్టి, బియ్యం డబ్బా వెనక గోడకి ఆనించి పెట్టింది. డబ్బాని మళ్లీ ముందుకి జరిపింది. జనవరి నెల జాబితా ఆ రాత్రే రాయాలి. అందులో పప్పులు రాసింది, ఉప్పు రాసింది, తాత్కాలిక అతిథికి ముప్పావు గ్లాసు కాఫీ రాసింది. ఆ జాడీ మాట ఎక్కడా రాయలేదు.